ఠాణా గడప – ఊరి నమ్మకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగలో పోలీసుల ప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. గ్రంథాలయము, ఠాణా రెండును ప్రజల సొమ్ముతో నడచు సంస్థలే. రెంటి తలుపులును ప్రజల కొఱకే తెఱవబడి యుండవలసినవే. కాని గ్రంథాలయపు గడపను బాలుడు సైతము నవ్వుచు దాటును. ఠాణా గడపను దాటుటకు పది యెకరముల ఆసామి సైతము తోడు వెదకుకొనును. బావి కడ మోటారు పోయిన రైతు, గల్ఫు వీసా పేర మోసపోయిన యువకుడు, ఇంటిలో దెబ్బలు తిన్న యిల్లాలు—వీరు తొలుత ఠాణాకు పోరు. ఠాణాలో మాట చెల్లు మనిషి యెవడా యని విచారించి, వాని యింటికి పోవుదురు. పౌరునికిని పోలీసునకును నడుమ ఈ మూడవ మనిషి యెంత అవసరమగునో, నమ్మకము అంత కొఱవడినదని యెఱుంగవలయును. అతడు అనవసరమైన దినమే నమ్మకము కుదిరిన దినము.

ఈ భయమునకు చరిత్ర కలదు. బ్రిటిషు ఇండియాలో 1861వ సంవత్సరపు పోలీసు చట్టము, 1857 తిరుగుబాటు ముగిసిన పిమ్మట, పాలకుల ఆజ్ఞ నిలుపుటకై పుట్టినది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములు అప్పుడు నిజాం రాజ్యములోనివి. ఇచ్చటి యేర్పాటు వేఱు. గ్రామమున శిస్తు వసూలునకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారీ యుండిరి. వీరి చేతిక్రింద సేత్‌సింధీలు కావలి కాచిరి. ఏర్పాటు వేఱైనను చూపు మాత్రము ఒకటియే: ఠాణా పైవారికి జవాబుదారి, క్రిందివారికి కాదు. అధికారి ఊరికి వచ్చినచో బండి కట్టుట, కట్టెలు మోయుట, కోళ్లు తెచ్చుట మున్నగు వెట్టి యంతయు గ్రామస్థుల తలపై పడెడిది. పోలీసు రాక యనగా రక్షణ వచ్చుట గాక ఖర్చు వచ్చుట యను భావము ఆ దినములలో నాటుకొన్నది.

గ్రంథాలయములకును ఆ భయము తప్పలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. ఆ వెలుగు పల్లెలకు ప్రాకుచున్న కాలముననే గస్తీ నిశాన్ 53 అను ఉత్తరువు సభలకు ముందస్తు అనుమతిని విధించినది. 1930లో జోగిపేటలోను, 1937లో నిజామాబాదులోను జరిగిన ఆంధ్ర మహాసభలు ఇట్టి ఆంక్షల నడుమ జరిగినవే. పదిమంది కూడి పత్రిక చదువుకొనుట కూడ అనుమానమునకు తావైన కాలమది. తుదకు 1948 సెప్టెంబరు 13 నుండి 17 వఱకు సైన్యము నడిపిన చర్యకు సైతము 'పోలీసు చర్య' యని పేరు వచ్చినది. ఇన్ని స్మృతులు తాతల నుండి మనుమలకు మాటలలో సంక్రమించియున్నవి. నేటి యువ పోలీసు జవాను ఊరిలో అడుగిడునప్పుడు, తన తప్పు లేకయే ఆ పాత బరువును మోయుచున్నాడు.

అయినను ఆ కాలముననే వేఱొక దృష్టాంతము గలదు. రాజబహదూరు వెంకటరామారెడ్డి 1920 నుండి 1934 వఱకు హైదరాబాదు నగర కొత్వాలుగా నుండెను. నగర పోలీసునకు అధిపతి యతడే. అంతకు ముందే, 1918లో, రెడ్డి విద్యార్థి వసతిగృహ స్థాపనలో ముఖ్యపాత్ర వహించెను. అందలి గ్రంథాలయాభివృద్ధికి సురవరం ప్రతాపరెడ్డి ఎంతయో శ్రమించెను. పల్లెల నుండి వచ్చిన బాలురకు కూడు, గూడు, గ్రంథము దొరకునట్లు చేసిన చేయి ఒక కొత్వాలు చేయి. లాఠీ పట్టిన చేయి పుస్తకమును గూడ అందింపగలదని తెలంగాణము నూఱేండ్ల క్రిందటనే చూచినది.

1984లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసినది. వంశపారంపర్యపు పెత్తనము తొలగుట మేలే. అయితే మంచివాడో చెడ్డవాడో పోలీసు పటేలు ఊరిలోనే కాపురముండెడివాడు. ఎవరి కొడుకు ఏ దారిన పోవుచున్నాడో, ఏ గట్టు తగవు ఎంత కాలముగా రగులుచున్నదో వానికి తెలియును. వాని పెత్తనముతో పాటు ఆ యెఱుక కూడ పోయినది. దాని స్థానమున మఱొక యెఱుక రాలేదు. నేడు పోలీసువారు ఊరికి మోటారు బండిపై వత్తురు. వచ్చినప్పుడు ఏదో జరిగి యుండును. జరిగిన పని ముగిసిన వెంటనే పోవుదురు. ఆపద నాడు మాత్రమే ముఖము చూపు చుట్టముపై ఎవరికి ప్రేమ కలుగును?

ఈ లోపము కామారెడ్డిలో ఒక విధముగను, ఎల్లారెడ్డిలో వేఱొక విధముగను కానవచ్చును. కామారెడ్డి రైలు దారిపై, 44వ నంబరు జాతీయ రహదారిపై నున్న అంగడి పట్టణము. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన పిదప క్రొత్త వాడలు లేచినవి. అద్దె కొంపలలో క్రొత్తవారు చేరిరి. పొరుగువాని పేరు పొరుగువానికి తెలియదు. అచ్చట దొంగ భయమెక్కువ, సాక్షి తక్కువ. ఎల్లారెడ్డి వైపు పల్లెలలోను తండాలలోను అందఱును అందఱికి తెలిసినవారే. అచ్చట సాక్షులు కలరు. కాని నోరు విప్పరు. తగవు ఠాణాకు పోయిన కులము చిన్నవోవును, తండా పరువు పోవును అను ఒత్తిడి గలదు. పట్టణమున పరిచయము లేమి, పల్లెలో పరిచయము మితిమీరుట—రెంటి ఫలితము మౌనమే. కావున ఒకే మందు రెంటికిని పనికిరాదు.

2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన నాటనుండి ప్రజామిత్ర పోలీసు అను మాట విరివిగా వినబడుచున్నది. ఆ సంవత్సరము అక్టోబరులోనే మహిళా రక్షణకు షీ టీములు హైదరాబాదులో మొదలై, తరువాత జిల్లాలకు వ్యాపించినవి. 'నేను సైతం' అను పేర వాడలవారే చందాలు వేసుకొని నిఘా కెమెరాలు పెట్టుకొనిరి. పోలీసు కళాబృందములు పల్లెలకు వచ్చి, బాణామతి భ్రమను, మత్తు పదార్థముల కీడును పాటలలో చెప్పుచున్నవి. ఇవి మెచ్చదగిన పనులు. జనసంపర్క కార్యక్రమ మను పేర వేకువనే వాడను చుట్టుముట్టి, ఇల్లిల్లు సోదా చేసి, కాగితములు లేని వాహనములను పట్టుకొనిపోవుటయు కలదు. దొంగబండి పట్టుబడినప్పుడు వాడవారు సంతోషింతురు. కాని కూలికి పోవు వాని బండి కాగితము లేమిచే పోయినచో, ఆ దినపు కూలియు, దానితో పాటు నమ్మకమును పోవును. చుట్టముగా వచ్చుట వేఱు, చుట్టుముట్టుట వేఱు. ఒకే ఉదయమున రెండును చేయబూనినచో జనులకు రెండవదియే జ్ఞాపకముండును.

నమ్మకము ఇటుక పిదప ఇటుకగా కట్టబడి, ఒక్క దెబ్బకు కూలును. 2023లో పొరుగున నున్న మెదక్‌లో, గొలుసు దొంగతనపు అనుమానముపై పోలీసులు తీసికొనిపోయిన ఒక పౌరుడు, ఠాణాలో హింసింపబడితినని చెప్పి, పిదప ఆసుపత్రిలో మరణించెను. ఉన్నత న్యాయస్థానము ఆ విషయమును స్వయముగా విచారణకు గైకొన్నది. ఆ వార్త కామారెడ్డి హోటళ్లలోను, ఎల్లారెడ్డి సంతలోను చదువని వారు లేరు. తమిళనాట 1993లో రామనాథపురమున 'పోలీసు మిత్రులు' అను ఉద్యమము మొదలై రాష్ట్రమంతట పేరు గాంచినది. 2020లో సాత్తాన్‌కుళం ఠాణాలో తండ్రీ కొడుకులు హింసకు గురియై మరణించిన పిదప ఆ సంస్థ కార్యములు నిలిపివేయబడినవి. ఇరువదియేడేండ్ల మైత్రి, ఒక ఠాణా గోడల మధ్య జరిగిన దానివలన మంటగలిసినది. దీనివలన తేలు నీతి యొక్కటి: జవాబుదారితనము లేని స్నేహము నిలువదు.

నిలిచిన యేర్పాట్లును గలవు. జపానులో పట్టణ వీథులలో చిన్న పోలీసు చావడులు కలవు. పల్లెలలో పోలీసు ఉద్యోగి భార్యాబిడ్డలతో ఆ చావడిలోనే కాపురముండును. అతడు ఇంటింటికి పోయి కుశలమడుగుట విధులలో నొకటి. కేరళలో 2008లో జనమైత్రి పథకము కొన్ని ఠాణాలలో ఆరంభమైనది. అందు ప్రతి వాడకు ఒక పోలీసు నియమింపబడి, నేరము జరుగకున్నను ఇండ్లకు పోయి పలుకరించును. వాడవారితో సమితి కూడును. ఈ రెంటి యందును ముఖ్యమైనది యొకటే: ఒకే మనిషి, ఒకే చోటికి, ఏ గొడవయు లేనినాడు, మరల మరల వచ్చుట.

ఇచ్చటి అనుభవములు కూడ పాఠము చెప్పుచున్నవి. 2023 జనవరిలో కామారెడ్డి పట్టణ బృహత్ ప్రణాళిక ముసాయిదాలో తమ పొలములు పోవునను భయమున రైతులు కలెక్టరు కార్యాలయము ముందు ధర్నా చేసిరి. పోలీసులకును వారికిని పెనుగులాట జరిగినది. ఆ నెలలోనే పురపాలక సంఘము ముసాయిదాను రద్దు చేయ తీర్మానించినది. గీత గీచినవారు వేఱు, ఎదుట నిలిచి తిట్లు తిన్నవారు వేఱు. కోపము మాత్రము ఖాకీ బట్టలకే అంటుకొన్నది. 2025 ఆగస్టు చివర కుంభవృష్టి కురిసి కామారెడ్డి వాడలు నీట మునిగినప్పుడు ఆ ఖాకీ బట్టలవారే సహాయదళములతో కలిసి వరదలో దిగి జనులను ఒడ్డునకు చేర్చిరి. ఆ చేయి పట్టుకొనుటకు అప్పుడు ఏ పైరవీకారుడును అక్కఱ లేకపోయెను. వరద నాటి ఆ చొరవను వాన లేని దినములలో నిలుపుకొనుటయే అసలు పని.

దానికి చట్టము ఇదివఱకే ఆధారము నిచ్చియున్నది. వారెంటు లేకయే పోలీసులు నిర్బంధింపగల (కాగ్నిజబుల్) నేరపు ఫిర్యాదు వచ్చినప్పుడు ప్రథమ సమాచార నివేదిక నమోదు చేయుట తప్పనిసరియని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి తీర్పునందు చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఏ ఠాణాలోనైన ఫిర్యాదు నీయవచ్చును. నివేదిక ప్రతిని ఉచితముగా పొందవచ్చును. ఠాణా నిరాకరించినచో జిల్లా ఎస్పీకి టపాలో వ్రాయవచ్చును. అటుపై మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. విచారణ యెంతవఱకు వచ్చినదో 90 దినములలో ఫిర్యాదికి తెలుపవలయును. సాక్ష్యము కొఱకు స్త్రీలను, 15 ఏండ్లలోపు పిల్లలను, 60 ఏండ్లు దాటిన వృద్ధులను ఠాణాకు పిలువరాదు. వారి యింటికే పోయి విచారింపవలయును. నిర్బంధింపబడిన వానిని 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలుపవలయునని రాజ్యాంగపు 22వ అధికరణము. ఇన్ని హక్కులు పుస్తకములలో నున్నవి. పుస్తకములు గ్రంథాలయములో నున్నవి. వానిని చదివి వినిపించువారే కావలయును.

గ్రంథాలయము చేయగల సేవ యిచ్చటనే మొదలగును. ఠాణా పోలీసుల తావు. పంచాయతీ కార్యాలయము రాజకీయముల తావు. గుడి, మసీదులు ఆయా మతస్థుల తావులు. అందఱికిని సమానమైన తావు గ్రంథాలయ మొక్కటియే. నెలకొక సాయంకాలము ఆ వాడకు నియమింపబడిన పోలీసు జవాను ఇచ్చటికి వచ్చి, పత్రికల బల్ల చెంత ఒక గంట కూర్చుండవలయును. గ్రామస్థులు ప్రశ్నింపవలయును, ఆయన బదులు చెప్పవలయును. చెప్పలేనిదానిని వ్రాసికొనిపోయి, మరుసటి నెల తీసికొనిరావలయును. అడిగినది, చెప్పినది ఒక పుస్తకమున తేదీతో నెక్కింపవలయును. స్త్రీలకు వేఱొక దినమున మహిళా పోలీసు రావలయును. చదువుకొన్న యువకులు ఫిర్యాదులు ఉచితముగా వ్రాసిపెట్టవలయును. ఫోనులో సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కి, ఏ యాపదయందైన 112కు ఫోను చేయుట నేర్పవలయును. విదేశమునకు పంపు ఏజెంటు లైసెన్సు గలవాడా కాడా యని డబ్బు కట్టకముందే విచారించుట అలవాటు చేయవలయును.

రెండు జాగ్రత్తలు మాత్రము తప్పవు. ఈ కూటమి వేగులవారి కూటమి కారాదు. పొరుగువానిపై కసి తీర్చుకొనుటకు చాటు కారాదు. మఱియు కూటమి పెద్దలే క్రొత్త పైరవీకారులు కారాదు. భూమి గట్ల తగవులను, అప్పుల తగవులను ఠాణాలో పంచాయితీ చేయుమని పోలీసును కోరరాదు; అవి న్యాయస్థానపు పనులు. పోలీసును చట్టము దాటుమని నేడు కోరినవానికి, ఱేపు అదే పోలీసు తనపై చట్టము దాటినప్పుడు అడుగు నోరుండదు.

నమ్మకము ఒక పక్షపు దానము కాదు. పోలీసు మర్యాదగా మాటలాడుట, రసీదు నిచ్చుట, చెప్పిన దినమునకు వచ్చుట ఒక వైపు. గ్రామస్థుడు చూచినది చూచినట్లు చెప్పుట, సాక్ష్యమునకు నిలుచుట, అబద్ధపు ఫిర్యాదు చేయకుండుట మఱొక వైపు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకమును నమ్మి యింటికి పంపినది. పాఠకులు దానిని మరల తెచ్చి యిచ్చిరి. ఇచ్చిపుచ్చుకొనుటలో నమ్మకము పెరుగునని ఈ బీరువాలే సాక్ష్యము. స్వర్ణోత్సవము నాటికి ఈ ఊరి బాలిక ఎవరి తోడును లేకయే ఠాణాకు పోయి, తన మాట చెప్పి, రసీదు చేతబట్టుకొని, వెలుగు ఉండగానే యిల్లు చేరగలుగుగాక. గ్రంథాలయము వర్ధిల్లుగాక.