పిల్లల చేతుల్లో పండుగ

(మేత్రాసన కుటుంబ దినోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సభలలో గుడుల గూర్చి, బడుల గూర్చి, ఆసుపత్రుల గూర్చి మాట్లాడటం వాడుక. అవి మాట్లాడవలసినవే. 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే ఫ్రెంచి జెస్యూయిట్ గురువులు కర్ణాటక మిషన్ పేరిట మన పుంగనూరు ప్రాంతానికి వచ్చారు. 1773లో రోమాపురిలో జెస్యూయిట్ సభను రద్దు చేయటంతో ఇటువంటి మిషన్లకు గురువులు కరువయ్యారు. తరువాత 1928లో నెల్లూరు మేత్రాసనం, 1976లో దానినుండి విడివడి కడప మేత్రాసనం ఏర్పడ్డాయి. కడప, చిత్తూరు జిల్లాలు రెండూ కడప మేత్రాసనం క్రిందికి వచ్చాయి. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఇవన్నీ రిజిస్టర్లలో ఉన్న సంగతులు.

రిజిస్టర్లలో లేని సంగతి ఒకటున్నది. గురువు అరుదుగా వచ్చే పల్లెలలో పిల్లలకు సిలువ గుర్తు వేయటం నేర్పింది ఎవరు? చీకటి పడగానే వారిని కూర్చోబెట్టి జపమాల చెప్పించింది ఎవరు? మన అవ్వలు, మన అమ్మలు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. రెండవ వాటికను మహాసభ 1964లో శ్రీసభను గూర్చి వెలువరించిన పత్రంలో కుటుంబాన్ని ఇంటిలోని శ్రీసభగా పేర్కొని, తల్లిదండ్రులే తమ బిడ్డలకు మొదటి బోధకులని చెప్పింది. మన అవ్వలు ఆ పత్రం చదవలేదు. చదవకుండానే ఆ పని చేశారు.

ఆ పని నేడు మన ఇండ్లలో ఎట్లా సాగాలన్నదే ఈనాటి విషయం. మాకు భార్యాబిడ్డలు లేరు కనుక పిల్లల పెంపకం గూర్చి మీకు చెప్పే అర్హత ఏమిటని మీలో కొందరు అనుకోవచ్చు. అది న్యాయమైన మాటే. అయితే ఇండ్లను ఆశీర్వదించటానికి, రోగులను చూడటానికి తిరుపతిలోను, చిత్తూరు చుట్టుపట్ల పల్లెలలోను అనేక గడపలు తొక్కుతుంటాము. అక్కడ చూసినవే చెబుతాము.

మొదట నిర్గమకాండంలోని ఒక సంగతి జ్ఞాపకం చేసుకుందాము. పాస్కా పండుగను ఏర్పరచినప్పుడు, మీ పిల్లలు ఈ ఆచారం ఏమిటని మిమ్ములను అడుగుతారు, అప్పుడు వారికి ఇట్లా చెప్పండి అని కూడా దేవుడు ఏర్పాటు చేశాడు. గొఱ్ఱెపిల్ల, పొంగని రొట్టె, చేదు కూరలు, అన్నీ కంటికి కనబడేవి, నోటికి తగిలేవి. బిడ్డ వాటిని చూచి ప్రశ్న అడగాలి, పెద్దవాళ్లు కథ చెప్పాలి. కనుక బిడ్డ నోట ప్రశ్న పుట్టించని పండుగ సగం పండుగే. అంగడినుంచి తెచ్చి తగిలించిన వస్తువును చూచి బిడ్డ ఎంతకు కొన్నారని అడుగుతాడు. తన చేత్తో చేసినదానిని చూచి ఇది ఎందుకు అని అడుగుతాడు.

మన ఇండ్లలో చేయదగినవి, కొందరు ఇప్పటికే చేస్తున్నవి కొన్ని చెబుతాము.

ఆగమన కాలం నాలుగు ఆదివారాలు. పచ్చని ఆకుల చుట్టలో నాలుగు కొవ్వొత్తులు నిలిపి వారానికొకటి వెలిగించే ఆచారం ఉన్నది. 1839లో జర్మనీలోని హాంబర్గులో విషెర్న్ అనే లూథరన్ బోధకుడు, పండుగ ఎప్పుడు వస్తుందని రోజూ అడిగే పేద పిల్లల కోసం బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడు. అక్కడినుంచే ఈ ఆచారం వ్యాపించింది. కథోలికులు దానిని తరువాత స్వీకరించారు. మనకు దేవదారు కొమ్మలు అక్కరలేదు. వేపరెమ్మలో మామిడాకులో చాలు. రాత్రి భోజనానికి ముందు ఇంట్లో చిన్నవాడు వెలిగించాలి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

పశువుల పాక సంగతి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊరిలో పునీత ఫ్రాన్సిస్ అసిసివారు నిజమైన గడ్డితో, ఎద్దుతో, గాడిదతో క్రీస్తు జయంతి రాత్రిని కండ్లకు కట్టించారు. 2019లో పోపు ఫ్రాన్సిస్ అదే ఊరికి వెళ్లి, ఇండ్లలో పాకను అమర్చే ఆచారాన్ని కొనసాగించమని కోరుతూ లేఖ మీద సంతకం చేశారు. చెప్పుల అట్టపెట్టె, గుప్పెడు వరిగడ్డి, చెరువు మన్ను ఉంటే పాక సిద్ధం. చిత్తూరు జిల్లాలో చెరువులకు కొదువ లేదు. మట్టితో పిల్లలు చేసిన జోజప్పగారికి ముక్కు వంకరగా ఉండవచ్చు, గొఱ్ఱె కుక్కలా కనబడవచ్చు. దిద్దకండి. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతాయి.

పాక ముందర పచ్చిక కోసం ఆకుపచ్చ కాగితం కొనేవారున్నారు. మన ఇండ్లలో రాగులు లేవా? ఒక రాత్రి నానబెట్టి, పాత పళ్లెంలో మన్నూ ఇసుకా కలిపి పలుచగా చల్లి, పండుగకు పదిరోజుల ముందునుంచి బిడ్డచేత రోజూ నీళ్లు చిలకరింపజేయండి. క్రీస్తు జయంతి నాటికి పచ్చని పైరు లేస్తుంది. సంగటి తినే బిడ్డకు ఆ గింజ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక మంచి ఆచారం. తొట్టి ఖాళీగా ఉంచండి. బిడ్డ ఒక మంచిపని చేసినప్పుడల్లా, తమ్మునికి పలక ఇచ్చినా, అవ్వకు మందు అందించినా, ఒక గడ్డిపోచ తొట్టిలో వేయమనండి. బాలయేసును పండుగ రాత్రి పూజనుంచి వచ్చిన తరువాతనే అందులో పడుకోబెట్టాలి. ముగ్గురు జ్ఞానులను మొదటే పాకలో నిలబెట్టకండి. దూరంగా కిటికీలోనో బీరువామీదనో ఉంచి, సాక్షాత్కార పండుగ దాకా రోజూ కొంచెం కొంచెం ముందుకు జరపండి. ఈరోజు ఎంతదూరం వచ్చారని పిల్లలే లేచి చూస్తారు.

ఇక నక్షత్రం. సమానంగా చీల్చిన 10 వెదురు బద్దలు తీసుకొని అయిదేసి చొప్పున రెండు నక్షత్రాలు కట్టండి. రెంటి కొసలు కలిపి కట్టి, లోపలి మూలలలో 5 చిన్న పుల్లలు అడ్డం పెడితే మధ్య ఉబ్బుతుంది. రంగు కాగితం అంటించటానికి మైదా బంక చాలు. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు పనిచేసేచోట వద్దు. లోపల కొవ్వొత్తి పెట్టే పాత పద్ధతి కూడా వద్దు. చిన్న ఎల్‌ఈడీ బల్బు వేలాడదీయండి.

డిసెంబరు మధ్యనుంచి ధనుర్మాసం. తిరుపతి వీధులలో తెల్లవారకముందే ప్రతి వాకిట ముగ్గులు పడుతుంటాయి. మన ఆడపిల్లలు కూడా చుక్కలు పెట్టి నక్షత్రాన్నీ పాకనూ ముగ్గుగా వేస్తుంటారు. మనం ముగ్గు వేయవచ్చునా అని అడిగేవారున్నారు. ముగ్గు తెలుగు గడప అందం, అది అందరిదీ. దసరాకు పక్కింటివారి బొమ్మల కొలువు చూడటానికి మన పిల్లలు వెళతారు. క్రీస్తు జయంతికి వారి పిల్లలను మన పాక చూడటానికి పిలవండి, కజ్జికాయలు, నిప్పట్లు చేతిలో పెట్టండి. ఈ బిడ్డ ఎవరని వారు అడిగితే మన బిడ్డలే చెబుతారు. పెద్దల వాదనలకంటె ఆ జవాబు మేలైనది.

ఏడాది పొడుగునా ఇట్లాంటివి ఉన్నాయి. తపస్సు కాలంలో ఒక మట్టి హుండీ ఇంట్లో పెట్టి, మిఠాయి మానుకున్న పైసలు అందులో వేసి, పాస్కా తరువాత పగులగొట్టి పేదవారికి ఇవ్వటం ఉన్నది. మ్రానికొమ్మల ఆదివారం ఈతాకుతోనో కొబ్బరాకుతోనో సిలువలు మడవటం ఉన్నది. ఆ సిలువను ఏడాదంతా పటం వెనుక దాచి మరుసటి విభూది బుధవారానికి ముందు గుడికి తెస్తే, దానిని కాల్చిన బూడిదే మన నొసట పడుతుంది. పాస్కాకు ఉల్లిపొట్టు వేసి ఉడికించిన కోడిగ్రుడ్లు ఎఱ్ఱగోధుమ రంగు తేలుతాయి, రంగుపొడి కొనే పని లేదు. నవంబరు 2న సమాధుల దగ్గరికి పిల్లలను తప్పక పిలుచుకొని పోండి. గడ్డి పీకటం, బంతిపూల దండ గ్రుచ్చటం వారికి అప్పగించండి. తాము చూడని ముత్తాత పేరును పిల్లలు అక్కడ నేర్చుకుంటారు.

ఇప్పుడు మీ అభ్యంతరాలకు వస్తాము. "సామీ, అంగట్లో అన్నీ దొరుకుతుంటే బద్దలు చీల్చుకుంటా కూర్చోవాల్నా? టైమెక్కడుంది?" అని ఒకాయన అడిగారు. టైము లేదన్నది అబద్ధం కాదు. భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇండ్లు పెరిగాయి. కాని రాత్రి ఒక అరగంట ఎవరి చేతి ఫోను వారు చూసుకునే ఇండ్లు కూడా పెరిగాయి. ఆ అరగంట అడుగుతున్నాము.

రెండవ సంగతి డబ్బు. పండుగ బట్టలకు, లైట్ల సరాలకు, విందుకు నూటికి అయిదు వడ్డీతో అప్పు తెచ్చి, జనవరినుంచి ఎండాకాలం దాకా తీర్చే కుటుంబాలు మన విచారణలలో ఉన్నాయి. సత్రంలో చోటు దొరకనివాని పుట్టినరోజుకు మనం అప్పులపాలు కావటం ఏమి న్యాయం? చేత్తో చేసే పండుగ పేదవానికి చౌక మాత్రమే కాదు, గౌరవం కూడా. ఇంతకంటె గొప్పగా చేయలేకపోయామే అని తండ్రి బిడ్డల ముందు తల దించుకోనక్కరలేదు.

మా విచారణలో ఒక ఇల్లు చూశాము. తల్లి కువైటులో ఇంటిపనికి వెళ్లింది. తండ్రి లారీ తోలుతాడు. ఇద్దరు పిల్లలూ అవ్వ దగ్గర పెరుగుతున్నారు. పండుగకు పెద్ద లైట్ల నక్షత్రం కొనమని తల్లి డబ్బు పంపింది. అవ్వ ఆ డబ్బు బడి ఫీజుకు దాచి, పిల్లలచేత పళ్లెంలో రాగులు చల్లించింది. రోజూ రాత్రి తల్లి ఫోనులో పైరు ఎంత లేచిందని అడిగేది. పిల్లలు పళ్లాన్ని ఫోను ముందర పెట్టి చూపించేవారు. తొట్టిలో ఎన్ని పోచలు పడ్డాయో లెక్క చెప్పేవారు.

మేము ఆ ఇంటికి వెళ్లిన రోజున అవ్వ పిల్లలకు పవిత్ర కుటుంబం ఐగుప్తుకు పారిపోయిన కథ చెబుతున్నది. రాజు చంపుతాడని మరియమ్మ, జోజప్పగారు బిడ్డను ఎత్తుకొని పరదేశం పోయినారు అన్నది. చిన్నపిల్ల బొమ్మను చేతిలో పట్టుకొని, "మరి మా అమ్మ మమ్మల్ని ఎందుకు పిలుచుకొని పోలేదవ్వా?" అని అడిగింది. అవ్వకు మాట రాలేదు. మా వేదశాస్త్ర చదువులోనూ దానికి జవాబు లేదు. అవ్వ ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నది. ఆ రాత్రి అదే ప్రశ్న పిల్ల ఫోనులో తల్లిని అడిగిందట. ఇద్దరూ ఏడ్చారట. రెండేండ్లుగా ఆ పిల్ల అమ్మతో బాగున్నాను అని తప్ప వేరే మాట చెప్పేది కాదని అవ్వ తరువాత మాకు చెప్పింది.

మట్టిబొమ్మల పని అంటే పిల్లల ఆటే కదా అనేవారికి మేము చెప్పే సమాధానం ఇదే. బిడ్డ మనసులో నలుగుతున్న మాట బయటికి రావటానికి ఒక దారి కావాలి. వేదకథ ఆ దారి ఇచ్చింది. ఆ కథ బొమ్మగా తన చేతిలో ఉండటంవల్ల ఆ పిల్ల ధైర్యంగా అడిగింది. తన తల్లిలాగే పొట్టకోసం, ప్రాణంకోసం ఊరు విడిచినవారిలో మరియమ్మ కూడా ఒకరని ఆ పిల్లకు తెలిసింది. ఆదివారం మా ప్రసంగం విని తెలుసుకున్నది కాదు అది.

మన పిల్లలు రేపు చెన్నైకి, బెంగుళూరుకు, సముద్రాల ఆవలికి పోతారు. అక్కడ తెలుగు పూజ దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఉపదేశి వచ్చి తలుపు తట్టడు. అప్పుడు వారికి మిగిలేది చిన్నప్పుడు ఇంట్లో చేతులకు అలవాటైనది. గుడి కట్టటానికి చందాలు అడుగుతాము, మీరు ఇస్తారు. ఇంటిలోని ఈ శ్రీసభకు చందా మేము వసూలు చేయలేము. మీరే చేయాలి, పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న ఈ కొన్ని ఏండ్లలోనే చేయాలి.

చివరిగా ఒక మనవి. మేము చెప్పినవన్నీ ఒక్కసారే పెట్టుకోకండి. చాలా మొదలుపెట్టి అన్నీ విడిచిపెట్టటం మనకు అలవాటే. ఈ సంవత్సరం ఒక్కటి ఎంచుకోండి. ఏది చేయాలో పిల్లలనే అడగండి. వచ్చే సంవత్సరం అదే మళ్లీ చేయండి, రెండవసారి చేస్తేనే ఆచారం అవుతుంది. తల్లిదండ్రులు దగ్గరలేని పిల్లలు మీ వీధిలో ఉంటే వారిని కూడా పిలిచి మీ పిల్లలతో కూర్చోబెట్టండి. బంక, కాగితం కొంచెం ఎక్కువ పెట్టుకుంటే సరిపోతుంది.

నజరేతులో జోజప్పగారి పక్కన కూర్చుని పని నేర్చుకున్న ప్రభువు మీ బిడ్డల చేతులను ఆశీర్వదించునుగాక. సెలవు.