కనురెప్పల సర్జరీ: ఖర్చు అడిగేముందు అడగాల్సిన ప్రశ్న

ఈ ఎపిసోడ్ కనురెప్పల సర్జరీ గురించి. డాక్టర్లు బ్లెఫరోప్లాస్టీ అంటారు, క్లినిక్ బోర్డుల మీద ఐలిడ్ లిఫ్ట్ అని ఉంటుంది. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి కొన్నేళ్లు కోడ్ రాసిన అమ్మాయిని. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మనం ఏం తెలుసుకుని వెళ్లాలి, అక్కడ ఏం అడగాలి, అంతవరకే నా పని.

ఈ సర్జరీ గురించి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. అరవై దాటిన అమ్మ కోసమో నాన్న కోసమో అడిగే పిల్లలు ఒకరు. ముప్పై కూడా రాకముందే ఫోటోల్లో కళ్లు అలిసిపోయినట్టు ఉన్నాయని బాధపడేవాళ్లు ఇంకొకరు. ఇద్దరి మొదటి ప్రశ్నా ఒకటే: "ఎంతవుతుంది?" అది రెండో ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న ఏంటంటే, అసలు కిందికి జారింది ఏది? చర్మమా, కండరమా, కనుబొమా, లేక లోపల ఏదైనా జబ్బా? బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం నాలుగింటికీ వేరువేరు.

ఒక్కోటీ చూద్దాం.

ఒకటి, చర్మం. మన ఒంట్లో అన్నిటికంటే పలచటి చర్మం కనురెప్పలదే, ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. వయసుతో అది సాగి, మడత పడి వెంట్రుకల మీదికి వాలుతుంది. బ్లెఫరోప్లాస్టీ అసలు పని ఇక్కడే. మిగిలిపోయిన చర్మాన్ని, అవసరమైతే కొంచెం కొవ్వునీ తీసి, రెప్ప సహజంగా మడతపడే గీతలోనే కుట్లు వేస్తారు. అందుకే మచ్చ పెద్దగా కనబడదు.

రెండు, కండరం. రెప్పను పైకెత్తే చిన్న కండరం ఒకటి ఉంది, పేరు లెవేటర్. అది సాగినా, పట్టు వదిలినా రెప్ప అంచే కిందికి దిగుతుంది. దీన్ని టోసిస్ అంటారు. దీనికి చర్మం కోస్తే లాభం లేదు, కండరాన్ని బిగించాలి. అది వేరే ఆపరేషన్. చాలా ఏళ్లు కాంటాక్ట్ లెన్సులు, ముఖ్యంగా గట్టి రకం వాడినవాళ్లకి చిన్న వయసులోనే ఇది రావచ్చు.

మూడు, కనుబొమ. బొమ కిందికి జారితే దాని కింద ఉన్న చర్మమంతా రెప్ప మీద కుప్పపడుతుంది. ఇలాంటివాళ్లు తెలియకుండానే రోజంతా నుదురు ముడిచి బొమలు పైకి ఎత్తి పట్టుకుంటారు. రెప్ప చర్మం తీసేస్తే ఇక ఎత్తాల్సిన పని లేదని నుదురు కండరం వదిలేస్తుంది. బొమ ఇంకా కిందికి దిగుతుంది. "డబ్బులు పెట్టాం, ఏం మారలేదు" అనే మాట వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

ఇంట్లో అద్దం ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నుదురు వదులుగా పెట్టి, నేరుగా చూడండి. రెప్ప అంచు ఎక్కడుందో గమనించండి. మామూలుగా అది నల్లగుడ్డు పై అంచుని ఒకటి రెండు మిల్లీమీటర్లే కప్పుతుంది. అంచు దాని చోటే ఉండి పైన మడత మాత్రమే వాలుతుంటే చర్మం అనుకోవచ్చు. అంచే కిందికి వచ్చి నల్లపాపకి దగ్గరగా ఉంటే కండరం. బొమని వేలితో మెల్లగా ఎముక మీదికి ఎత్తగానే సమస్య సగం పోతే బొమ. ఇది నిర్ధారణ కాదు, డాక్టర్ దగ్గర సరైన మాట మాట్లాడటానికి మాత్రమే. వెళ్లేటప్పుడు పదేళ్ల కిందటి ఫోటోలు కొన్ని పట్టుకెళ్లండి. ఆధార్ ఫోటో వద్దు, అందులో అందరి కళ్లూ అలాగే ఉంటాయి!

నాలుగోది, జబ్బు. దీని గురించి మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా పెద్దమ్మకి 61 ఏళ్లు. ఎడమ రెప్ప వాలిపోతోందని వాళ్లబ్బాయి, అంటే మా అన్నయ్య, ఒక కాస్మెటిక్ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. పది నిమిషాల్లో రెండు ఫోటోలు తీసి, రెండు కళ్లకీ కలిపి ప్యాకేజీ చెప్పి, అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నారు. స్కేలు పెట్టి కొలిచినవాళ్లు లేరు. రోజులో ఎప్పుడు ఎక్కువ అని అడిగినవాళ్లు లేరు. అన్నయ్య కట్టేముందు నాకు ఫోన్ చేస్తే, ఒకసారి కంటి డాక్టర్‌కి చూపిద్దాం అన్నాను.

అక్కడ డాక్టర్ మొదట అడిగింది, "అమ్మా, పొద్దున లేచాక ఎలా ఉంటుంది, సాయంత్రానికి ఎలా ఉంటుంది?" అని. పెద్దమ్మ వెంటనే చెప్పింది: "పొద్దున బానే ఉంటది బాబూ, సీరియల్ టైముకి రెప్ప మూసుకుపోతది, ఒక్కోసారి టీవీలో మనుషులు ఇద్దరిద్దరు కనిపిస్తరు." ఆయన కాసేపు రెప్ప వేయకుండా పైకి చూడమన్నారు. చూస్తుండగానే రెప్ప దిగిపోయింది. మూసిన కంటి మీద రెండు నిమిషాలు ఐస్ పెట్టారు. తీసేసరికి రెప్ప పైకి లేచింది. రక్తపరీక్షలు, న్యూరాలజిస్టు, ఛాతీ స్కాన్ అన్నీ అయ్యాక తేలింది మయస్తీనియా గ్రావిస్ అని. నరాల నుంచి కండరాలకి వెళ్లే సంకేతాన్ని మన ఒంట్లోని యాంటీబాడీలే అడ్డుకునే జబ్బు. కళ్లతో మొదలై కొందరిలో మింగడానికి, ఊపిరికి కూడా వస్తుంది. సర్జరీలో వాడే కొన్ని మత్తుమందులు ఈ జబ్బున్నవాళ్లకి ప్రమాదం కూడా. పెద్దమ్మ ఇప్పుడు మాత్రల మీద బాగుంది. రెప్పకి కత్తి అవసరమే రాలేదు.

కోడ్‌లో బగ్ ఎక్కడుందో చూడకుండా స్క్రీన్ మీద కనిపించిన ఎర్రర్‌ని మాత్రం దాచేస్తే ఏమవుతుందో మా ఫీల్డ్ వాళ్లకి తెలుసు. ఇక్కడ అదే జరగబోయింది.

ఇంకో మాట. రెప్ప ఒక్కసారిగా వాలి, దాంతో పాటు గట్టి తలనొప్పి, ఒకటి రెండుగా కనబడటం, ఒక కంటి పాప పెద్దదవడం ఉంటే అది క్లినిక్ విషయం కాదు. అదే గంటలో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతున్నా ఇలాగే ఉంటుంది.

ఇక నా వయసువాళ్ల విషయం. మనకి ఎక్కువగా కింది రెప్పల బాధ. కింద ఉబ్బు నిజంగా కొవ్వు సంచి అయితే సర్జరీతో తగ్గుతుంది. కానీ నల్లటి వలయాలు వేరు. మన చర్మంలో అవి ఎక్కువగా రంగు వల్లే వస్తాయి, కొంత కింద ఉన్న గుంట నీడ వల్ల. కొవ్వు తీసినా రంగు పోదు. ఉన్న కొవ్వు కూడా తీసేస్తే గుంట పెరిగి నలుపు ఇంకా ఎక్కువ కనిపించవచ్చు.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. స్క్రీన్ చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కళ్లు ఆరిపోతాయి. రెప్ప ఉన్నదే కంటిని తడిగా ఉంచడానికి. చర్మం ఎక్కువ తీసేస్తే నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోదు. కార్నియా ఆరి పుండు పడొచ్చు. తక్కువ తీస్తే మళ్లీ తీయొచ్చు, ఎక్కువ తీస్తే తిరిగి పెట్టడం చాలా కష్టం. అందుకే సర్జరీకి ముందు కన్నీటి పరీక్ష చేశారా అని అడగండి. చిన్న కాగితపు పట్టీ కింది రెప్పలో అయిదు నిమిషాలు పెడతారు, అంతే. లేసిక్ చేయించుకుని ఆరు నెలలు కూడా కాకపోతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. థైరాయిడ్, షుగర్, బీపీ. ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు. చేపనూనె, విటమిన్ ఇ మాత్రలు కూడా. గుండెకి స్టెంట్ ఉన్న నాన్నగారి మందు మీరే ఆపేయకండి. గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని చెప్పాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? కంటి వైద్యంలో పీజీ చేసి ఆక్యులోప్లాస్టీలో ప్రత్యేక శిక్షణ తీసుకున్నవాళ్లు, లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లాంటి డిగ్రీ ఉండి రెప్పల పని తరచుగా చేసేవాళ్లు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో దీనికి విడిగా విభాగమే ఉంది. డాక్టర్ పేరు నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లో ఉండే ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో వెతకొచ్చు. కోసేది ఎవరు, కన్సల్టేషన్‌లో మాట్లాడినవాళ్లేనా అని సూటిగా అడగండి. మొహమాటం వద్దు, కళ్లు మనవి.

ఇప్పుడు డబ్బు. అందం కోసం చేయించుకుంటే ఇన్సూరెన్స్ రాదు. మన పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ల లిస్టులో కోడ్ 08 చూడండి, కాస్మెటిక్ సర్జరీ అక్కడే ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేసే సర్జరీకీ, ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉందని డాక్టర్ రాసిచ్చిన వైద్యానికీ మాత్రం మినహాయింపు ఉంది. రెప్ప చూపుకి అడ్డొస్తుంటే విజువల్ ఫీల్డ్ టెస్ట్ చేయించండి. ఒకసారి మామూలుగా, ఒకసారి రెప్పని టేపుతో ఎత్తి. రెండు రిపోర్టులకీ తేడా ఉంటే అదే మీ ఆధారం. క్లెయిమ్ ఖాయమని కాదు, ముందే కంపెనీకి రాసి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అమెరికాలో మెడికేర్ మీద ఉన్న మనవాళ్లకి, హాస్పిటల్ ఔట్‌పేషెంట్ విభాగంలో చేయించుకుంటే 2020 జులై నుంచి ముందస్తు అనుమతి తప్పనిసరి.

సర్జరీ రోజు సంగతి. పై రెప్పలకి సాధారణంగా అక్కడికే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, గంట అటూ ఇటూ పడుతుంది, అదే రోజు ఇంటికి. కుట్లు దాదాపు వారానికి తీస్తారు. వాపు, కమిలిన రంగు ఒకటి రెండు వారాలు. మచ్చ పూర్తిగా కలిసిపోవడానికి నెలలు. కాబట్టి చెల్లెలి పెళ్లి పది రోజుల్లో పెట్టుకుని చేయించుకోకండి.

మొదటి 24 గంటలు ఇంట్లో ఒక మనిషి తోడుండాలి. ఒక కన్ను గట్టిగా ఉబ్బి ముందుకి పొడుచుకొచ్చినా, నొప్పి భరించలేనంత ఉన్నా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకూడదు. కంటి వెనక రక్తం చేరి నరాన్ని నొక్కితే చూపు పోవచ్చు. చాలా అరుదు, కానీ అప్పుడు ప్రతి నిమిషమూ లెక్కే. అందుకే డిశ్చార్జ్ అయ్యేటప్పుడే అడగండి: "రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు?" ఆ నంబరు ఇవ్వలేని చోట చేయించుకోవద్దు.

అందం కోసం చేయించుకోవడం తప్పు అని నేను అనను. అద్దంలో మొహం మనకి నచ్చాలనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చర్మమే సమస్య అయితే, సరైన చేతుల్లో ఇది మంచి ఫలితం ఇచ్చే సర్జరీ. కానీ రేటు చెప్పేముందు కారణం చెప్పమనండి. "మీకు జారింది ఇది, కొలిస్తే ఇంత వచ్చింది, అందుకే ఈ సర్జరీ" అని మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలిగితే అడ్వాన్స్ గురించి ఆలోచించండి. చెప్పలేకపోతే బ్యాగు భుజానేసుకుని వచ్చేయండి.

ఇంట్లో పెద్దవాళ్లు "ఏం లేదులే, వయసు" అని రెప్ప సంగతి కొట్టేస్తుంటే, ఇవాళ ఒక్కసారి సాయంత్రం పూట వాళ్ల కళ్లు చూడండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.