దుకాణపు కొర్రలు మొలకెత్తలేదు

(శతజయంతి సభలో సంఘ యువజనుల పక్షమున చేసిన ప్రసంగము)



మాకిచ్చిన అంశము "మన సేద్యపు వారసత్వము". మాలో సేద్యము చేయువారు ఒక్కరును లేరని ముందుగానే ఒప్పుకొనుచున్నాము. మా తాతలు సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపట్ల నాగలి పట్టినవారు. మా తండ్రులు ఫ్యాక్టరీ సైరను విని లేచినవారు. మేము తెల్లవారకముందే కంపెనీ బస్సు కొరకు రోడ్డుమీద నిలుచువారము. ఇందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. ఆ జీతములతోనే మేము చదువుకొంటిమి. అయితే ఈ మూడు తరముల నడుమ చేతిలోనుండి ఏదో జారిపోయినది. అది ఏమిటో మాకు తెలిసివచ్చిన విధము చెప్పెదము.

మా చిన్నతనములో కోత పండుగనాడు గుడిలో బల్లమీద జొన్న కంకులు, కంది కొమ్మలు, అనపకాయలు, గుమ్మడికాయలు ఉండెడివి. ఇప్పుడు ఆ బల్లమీద బియ్యపు సంచులు, నూనె ప్యాకెట్లు, బిస్కెట్లు ఉన్నవి. కానుకలో లోపము లేదు. కాని రెండేండ్ల క్రిందట సండే స్కూలు పిల్లవాడొకడు, "కోత పండుగ అంటే ఏమి కోస్తారు?" అని అడిగినప్పుడు మా దగ్గర జవాబు లేకపోయెను.

పంట ఎట్లు పండునో పిల్లలకు కన్నులార చూపవలెనని తలంచి, గుడి వెనుకనున్న ఖాళీ స్థలమును కొంత త్రవ్వితిమి. దుకాణములో కిలో కొర్రలు కొని, మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే చల్లితిమి. వారము గడిచెను, పది దినములు గడిచెను. గరికయు తుంగయు మొలిచెను గాని కొర్ర ఒక్కటియు మొలవలేదు. నేల చెడినదని కొందరు, ఫ్యాక్టరీల పొగ వలననని కొందరు అంటిమి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములోని ఒక అవ్వ వచ్చి, మిగిలిన గింజలు అరచేతిలో పోసికొని చూచి నవ్వినది.

"పొట్టు తీసినంక అది బియ్యమైతది గాని ఇత్తనం ఎట్లయితది బిడ్డా?"

డిగ్రీలు చదివిన మేము పదిమందిమి తలలు వంచుకొంటిమి. జొన్న, సజ్జ గింజలకు వేరే పొట్టు ఉండదు గనుక కళ్లములో నూర్చిన గింజయే తినుటకును విత్తుటకును పనికివచ్చును. కొర్ర, సామ, అరిక గింజలు అట్లు కావు. వాటిని పొట్టుతోనే విత్తవలెను. పొట్టు తీయునప్పుడు మొలకెత్తు భాగము దెబ్బతినును. అంతేకాదు, కోతకు ముందే మంచి కంకులను ఏరుట, ఎండబెట్టుట, బూడిదయు వేపాకును కలిపి బుట్టలో పోయుట, మూతి మట్టితోను పేడతోను అలికివేయుట, ఇవన్నియు ఆమె చేతులతో చూపుచు చెప్పినది. ఆ ఒక్క గంటలో మేము నేర్చినది మా బడులలో నేర్వలేదు.

విత్తనము ఎక్కడ దొరకునని విచారింపగా జహీరాబాదు వైపు పొమ్మనిరి. ముంబయి రహదారిమీద పడమరగా పోయిన మన జిల్లాలోనే పస్తాపూర్ గ్రామము కలదు. అక్కడ 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దాని స్థాపకులలో ముఖ్యులైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో మరణించిరి. ఆ సొసైటీకి ప్రాణము ఊరూర సంఘములుగా కూడిన పేద స్త్రీలు. వారిలో దళిత స్త్రీలే ఎక్కువ. పడావు పడిన నేలలను బాగుచేసి, పాత పంటలను మరల వేసి, గ్రామములలో విత్తనపు బ్యాంకులు నిలిపిరి. విత్తనము తీసికొన్నవారు పంట వచ్చిన తరువాత తీసికొన్నదానికంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇయ్యవలెను. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్య సమితి పక్షమున ఈక్వేటర్ బహుమానము లభించినది.

ఇరవై ఏండ్లకు పైగా వారు సంక్రాంతి నాటినుండి నెల దినములు పాత పంటల జాతర జరుపుచు వచ్చిరి. మేము ఆ జాతర చూడబోతిమి. అలంకరించిన ఎడ్లబండ్లు డప్పులతో ఊరూర తిరుగును. బండ్లలో విత్తనములు నింపిన మట్టి కుండలు: పచ్చజొన్న, ఎర్రజొన్న, సజ్జ, తైద, కొర్ర, సామ, కంది, పెసర, అవిశె, కుసుమ. ఏ గింజ ఎర్రనేలకు, ఏది నల్లరేగడికి, ఏది తక్కువ వానకు తట్టుకొనునో ఆ తల్లులే చెప్పుదురు. ఒకే చేనిలో పలు పంటలు ఎందుకని అడిగితిమి. వాన తప్పినచో అన్నియు ఒక్కసారి పోవు, ఏదో ఒకటి ఇంటికి వచ్చును. పప్పుజాతి మొక్కలు నేలకు బలమిచ్చును. గట్టువెంట కుసుమ వేసినచో ముండ్లకు జంకి పశువులు చేనిలోనికి రావు. అక్షరము రాని తల్లులు అనేకులు ఇట్లు బోధింపగా మేము నోటుబుక్కులలో వ్రాసికొంటిమి. మాచనూరులో ఆ స్త్రీలే నడుపు సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైనది. సేద్యపు మాటలు వారి యాసలోనే దానిద్వారా ప్రసారమైనవి.

ఇట్టి బోధ ఇతర దేశములలోను కలదు. అమెరికాలోని అయోవా రాష్ట్రములో లివింగ్ హిస్టరీ ఫార్మ్స్ అను సంస్థ 1970లో మొదలైనది. 1700, 1850, 1900 సంవత్సరముల నాటి సేద్యము అక్కడ మూడు పొలములలో చేసి చూపుదురు. 1979 అక్టోబరు 4న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆ పొలములోనే అశేష జనసమూహముతో ఆరాధన జరిపి, భూమిని తరువాతి తరములకు కాపాడవలెనని బోధించిరి. అయితే ఒక భేదమున్నది. అక్కడ పనివారు పాతకాలపు బట్టలు ధరించి గడిచిన కాలమును చూపుదురు. జహీరాబాదు తల్లులకు అది వేషము కాదు, రేపటి అన్నము.

"మన పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ ఉన్నది గదా, విత్తనములకు భయమేల?" అని మీరనవచ్చును. నిజమే. 1972లో స్థాపించిన ఆ సంస్థ జన్యునిధిలో లక్షకు పైగా విత్తన రకములు చల్లని గదులలో భద్రముగా ఉన్నవి. అది దేవుడు మనకిచ్చిన మేలు. కాని చల్లని గది గింజను కాపాడును గాని విత్తు చేతిని కాపాడజాలదు. ఆ చేయి అవ్వతోకూడ పోవును.

కనుక మా మనవి ఇది. గుడి వెనుక స్థలములో అద్దెకు షాపులు కట్టు ప్రతిపాదన కమిటీ ముందున్నది. ఆ అద్దెతో గుడి పైకప్పు బాగుచేయవచ్చును, పేద పిల్లల ఫీజులు కట్టవచ్చును. మేము దానిని కాదనము. మూడు గుంటలు మాత్రము ఐదేండ్లు విడువుడని వేడుకొనుచున్నాము. ఈ ప్రాంతపు నీటి కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడినది. నక్కవాగు సంగతి మీరెరుగుదురు. గనుక వాననీటితోనే పండించెదము. మట్టిని పరీక్ష చేయించిన తరువాతనే తినెదము. బోధించువారు మన అవ్వలు, తాతలు. పని చేయువారము పిల్లలును మేమును.

జాతరలోని తల్లులు మాకు సోలెడు కొర్రలు, పొట్టుతోనున్నవి, ఇచ్చిరి. అవి ఇప్పుడు అవ్వ ఇంట బూడిద కలిపిన చిన్న బుట్టలో ఉన్నవి. ఏండ్లు గడిచిన కొద్దీ గింజకు మొలకెత్తు శక్తి తగ్గునని ఆమె మమ్మును తొందరపెట్టుచున్నది. మృగశిర వచ్చులోగా కమిటీవారు తమ నిర్ణయము తెలియజేయవలెనని కోరుచు ముగించుచున్నాము.