గాజు తొట్టిలో పగడాలు, కెమెరాలో రంగులు



ఫొటోగ్రఫీ మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నయాగరా, గ్రాండ్ కాన్యన్ బొమ్మలు చూపిస్తానని అనుకున్నారేమో! నేను చూపించబోయేది మా బేస్‌మెంట్‌లో ఉన్న 90 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం. కొత్త కెమెరాతో దాన్ని సరిగ్గా ఫొటో తీయడం నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది.

పగడం అంటే మనకు ఉంగరంలో రాయి, మెడలో పూస. "పగడాలు పెంచుతున్నావటగా, కోడలికి దండ చేయిస్తావా?" అని మా అమ్మ ఫోన్లో అడిగింది. నగల్లో వాడేది ఎర్ర పగడపు అస్థిపంజరం. నా తొట్టిలో ఉన్నవి దాని దూరపు చుట్టాలు, ప్రాణమున్న జంతువులు. వాటి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. వెలుతురుతో వండుకున్న తిండిలో చాలా భాగాన్ని ఇంటి ఓనరుకు అద్దె కింద చెల్లిస్తుంది.

ఆ నాచుకు నీలి వెలుతురు బాగా పనికొస్తుంది కాబట్టి మా దీపాలు నీలంగా ఉంటాయి. పగడాల్లోని కొన్ని ప్రొటీన్లు ఆ నీలాన్ని మింగి ఆకుపచ్చగా, ఎర్రగా వెలుగుతాయి. ఇదేమీ చిన్న విషయం కాదు. అక్వేరియం వాళ్ళు ఇష్టంగా పెంచే డిస్కోసోమా నుంచి తీసిన ఎర్ర ప్రొటీన్‌ను 1999లో ప్రకటించారు. జీవకణాల్లో ఏం జరుగుతోందో చూడడానికి లేబొరేటరీల్లో దాని సంతతిని ఇప్పటికీ వాడుతున్నారు.

చిక్కంతా ఇక్కడే. నీలి వెలుతురుకు మన మెదడు సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకోదు. ఆటోలో పెట్టి నొక్కితే తొట్టినిండా బట్టలకు పెట్టే నీలిమందు కలిపినట్టు వస్తుంది. సెన్సర్‌లో నీలం ఛానల్ నిండిపోతుంది. ఎనిమిది బిట్లలో 255 దాటి రాయలేమని మన ప్రోగ్రామర్లకు చెప్పక్కర్లేదు కదా! అక్కడ పోయిన వివరం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేదు.

అందుకని లెన్స్ ముందు నారింజ రంగు ఫిల్టర్ పెట్టాను. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, రా ఫైల్‌గా తీస్తాను. అవే దీపాల కింద నీళ్ళలో ఒక తెల్ల ప్లాస్టిక్ ముక్క పెట్టి, దాన్ని బట్టి కంప్యూటర్‌లో తెలుపును సరిచేస్తాను. గాజుకు ఎదురుగా, నిటారుగా నిలబడాలి. పక్కనుంచి తీస్తే వెలుతురు వంగి, రంగులు విడిపోయి, అంచులు మసకబారతాయి. గదిలో లైట్లు ఆర్పి నల్ల చొక్కా వేసుకుంటే గాజులో మన బొమ్మ పడదు. పంపులు పది నిమిషాలు ఆపితే పగడాలు ఊగవు. ట్రైపాడ్ మీద ఎఫ్ 8 లేదా 11 సరిపోతుంది. చేపల సంగతి వేరు, అవి మన మాట వినవు. వాటికి సెకనులో 200వ వంతైనా షట్టర్ వేగం కావాలి.

ఇక రంగులు పెంచే మీట. దాన్ని ఎంత జరిపితే అంత "ఆహా" అంటారు. నేను మాత్రం ముట్టుకోను. ప్రతి ఆదివారం ఒకే వేళకి, ఒకే చోటునుంచి, అవే సెట్టింగులతో ఒక ఫొటో తీస్తాను. ఒకసారి ఎనిమిది వారాల ఫొటోలు వరసగా పెట్టి చూస్తే ఒక ఆకుపచ్చ కొమ్మ పగడం అడుగునుంచి పాలిపోతోంది. రోజూ చూసే మా ఇంట్లో ఎవరికీ అది కనపడలేదు. నీళ్ళు పరీక్షిస్తే క్షారగుణం తగ్గింది. పగడాలు పెరిగేకొద్దీ వాటి వాడకమూ పెరిగింది మరి. కొద్దికొద్దిగా పెంచుకుంటూ వస్తే రెండు నెలలకు రంగు తిరిగొచ్చింది. బొమ్మలు అందంగా ఉండాలని రంగులు పెంచుకుంటూ పోయుంటే ఆ కొమ్మ దక్కేది కాదు.

సముద్రంలోనూ ఇదే కథ. నీటి అడుగున మొదటి రంగుల ఫొటోలను 1926లో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు తీశారు. ఫ్లోరిడా దగ్గరి డ్రై టోర్టుగాస్‌లో, తెప్ప మీద మెగ్నీషియం పొడి మండించి మరీ తీశారు. 1927 జనవరి నేషనల్ జియోగ్రఫిక్‌లో అవి అచ్చయ్యాయి. అదే డ్రై టోర్టుగాస్‌లో, ఫ్లోరిడా కీస్‌లో 2023 ఎండాకాలపు వేడికి కొమ్మ పగడాలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. కొన్నిటిని మాత్రం ముందే ఒడ్డుకు తెచ్చి, నా తొట్టిలాంటివే పెద్ద తొట్లలో బతికించారు. ఏది పోయిందో, ఎంత మిగిలిందో చెప్పడానికి తేదీ వేసిన పాత ఫొటోలు అక్కరకొస్తాయి.

మీ అందరికీ అక్వేరియం ఉండకపోవచ్చు. కానీ చలికాలంలో కిటికీ దగ్గర పెట్టి బతిమాలుకుంటున్న కరివేపాకు కుండీ ఉండే ఉంటుంది! వారానికొకసారి ఒకే చోటునుంచి దానికొక ఫొటో తీయండి. రంగులు మాత్రం దిద్దకండి. ఆకులు రాలకముందే సంగతి తెలుస్తుంది.