యూదుల వేదలేఖనము - స్త్రీలు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పరభాషల నడుమ నివసించు ప్రజలు తమ అక్షరమును ఎట్లు నిలుపుకొందురను ప్రశ్న మనబోంట్లకు క్రొత్తది గాదు. ఈ విషయమున యూదుల చరిత్ర పెక్కు పాఠములు చెప్పును. అందొక్క ఘట్టమును మాత్రమే నేడు ప్రస్తావింపదలచితిమి. పవిత్రగ్రంథమును వ్రాయు అధికార మెవరిది?

తోరా యూదులకు పరమపవిత్రము. ప్రార్థనామందిరమున చదువు ప్రతి అచ్చువేసినది కారాదు. శుద్ధమైన జంతుచర్మముపై, ఈక కలముతో, మాచికాయ, అన్నభేది, బంక చేర్చిన సిరాతో వ్రాయవలయును. అందు 3,04,805 అక్షరములు గలవు. ఒక్క అక్షరము లోపించినను, దానిని సరిదిద్దువరకు ఆ ప్రతి పఠనమున కర్హము గాదు. భగవన్నామమున తప్పు దొరలినచో చెరుపుట నిషిద్ధము. ఆ పత్రమునే తొలగించి భద్రపరతురు, లేదా భూస్థాపితము చేయుదురు. ఇట్టి లేఖకుని 'సోఫర్' అందురు. స్త్రీయైనచో 'సోఫరెత్'.

స్త్రీల కీ పని యేల నిషిద్ధమయ్యెను? చేతగాదని గాదు. దేవుని వాక్యమును చేతికి కట్టుకొనుమనియు, ద్వారబంధములపై వ్రాయుమనియు రెండాజ్ఞలు ప్రక్కప్రక్కన నున్నవి. కావున తెఫిల్లిన్ అను తోలుపెట్టెలను కట్టుకొనవలసిన విధి యెవరికి గలదో వారే వ్రాయుట కర్హులని తల్ముదు నిర్ణయించినది. స్త్రీలకు ఆ విధి లేదు. అందుచే ఈ అధికారమును లేకపోయినది.

అయినను స్త్రీలు కలము విడువలేదు. చుట్టగా గాక పుస్తకముగా వ్రాయు ప్రతులకు ఈ నిర్బంధము లేదు. రోమునగరవాసిని పౌలా 1288లో బైబిలు వ్యాఖ్యానమునకు ప్రతి వ్రాసెను. యెమెన్ దేశమున లేఖకుల యింట పుట్టిన మిరియము తోరాను పుస్తకముగా వ్రాసి, తాను చంటిబిడ్డకు పాలిచ్చు తల్లిని గావున తప్పులున్న మన్నింపుడని తుదను విన్నవించుకొనెను. ఒడిలో బిడ్డ, చేతిలో కలము! ఆ తల్లిని తలచుకొన్న మనస్సు కరగకుండునా?

ఇరువదవ శతాబ్దమున మార్పు వేగమందుకొన్నది. 1935లో జర్మనీలో రెజీనా యోనాస్ తొలి మహిళా రబ్బీ యయ్యెను. ఆమెను నాజీలు 1944లో ఆష్విట్జునందు వధించిరి. 1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్ ఆ పదవి నందెను. పిదప లేఖనవిద్య వంతు వచ్చినది. సియాటిల్ నగరమందలి కదీమా సమాజము తోరాచుట్ట వ్రాయు పనిని అవియెల్ బార్క్లే కప్పగించెను. పలువురు స్త్రీలు చేయి కలుపగా 2010లో అది పూర్తియయ్యెను. ఈ లోపల, 2007లోనే, జెన్ టేలర్ ఫ్రీడ్మన్ సంపూర్ణమైన తోరాచుట్టను వ్రాసి ముగించెను. అట్లు ముగించిన స్త్రీలలో మనకు తెలిసినంతవరకు ఆమెయే ప్రథమురాలు.

సనాతన శాఖవారు ఇట్టి ప్రతులను నేటికిని అంగీకరింపరు. ఉదారశాఖలవారు అంగీకరింతురు. ఈ వివాదమున తీర్పు చెప్పుట మా పని గాదు. కాని యొక విషయము గమనింపదగినది. వ్రాయగోరిన స్త్రీలలో కొందరు పూర్వశాసనమును త్రోసిపుచ్చలేదు. తెఫిల్లిన్ కట్టుకొను విధిని తామే స్వచ్ఛందముగ స్వీకరించి, 'విధి గలవారికే అధికార మన్నచో, ఇదిగో ఆ విధిని తలదాల్చితిమి' అని నిలిచిరి. శాస్త్రమునకు శాస్త్రముతోనే బదులు చెప్పిరి.

బాలికలారా! మన యిండ్లలో బిడ్డలకు తెలుగు ఓనమాలు దిద్దించుచున్నది పెక్కుచోట్ల తల్లులే. ఆ భారమును మోయువారికి సభలోను, సంఘములోను, గ్రంథములోను సమాన స్థానము నీయవలదా? పెద్దలు ఆలోచింతురు గాక. మీరు మాత్రము కలము విడువకుడు.