మునగ గింజతో నీళ్లు తేటపడతాయి, మరి తాగొచ్చా?

ఇవాళ టేబుల్ మీద మూడు గాజు సీసాలున్నాయి, చూడండి. మూడింట్లోనూ ఒకే నీళ్లు. పొద్దున మా ఊరి పంట కాలువలో పట్టుకొచ్చాను. మొదటిదాంట్లో ఏమీ కలపలేదు. రెండోదాంట్లో పటిక. మూడోదాంట్లో మునగ గింజల పొడి. నాలుగో సీసా ఒకటి టేబుల్ కింద ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఈ ఎపిసోడ్ ఎందుకంటే, ఒకాయన మెసేజ్ పెట్టారు. ఏదో రీల్ చూశారట, 'ఆర్వో మెషిన్ పారేయండి, రెండు మునగ గింజలు చాలు' అని. 'అన్నా, మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఇంట్లో చిన్నపాప ఉంది, ఇది వేసి తాగిస్తే సరిపోతుందా?' అని అడిగారు. జవాబు ముందే చెప్పేస్తున్నా: సరిపోదు. మీ ఆర్వో మెషిన్ పారేయకండి. ఎందుకు సరిపోదో తెలియాలంటే మాత్రం ఆ గింజ అసలు ఏం చేస్తుందో తెలియాలి.

మా అమ్మమ్మ వాళ్లది గోదావరి పక్కన ఊరు. వరదొస్తే నీళ్లు ఎర్రగా, టీ రంగులో ఉండేవి. అమ్మమ్మ చిల్లగింజను తడి రాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపేది. కొన్ని చోట్ల దీన్నే ఇండుప గింజ అంటారు. నేను గ్లాసు పట్టుకుని వెళ్తే, 'ఆగరా, ఇంకా తేరలేదు, గంట ఆగు' అనేది. ఇది ఆవిడ కనిపెట్టిందేం కాదు, సంస్కృతంలో కతకం అనే పేరుతో సుశ్రుత సంహితలోనే ఉంది. మనుస్మృతిలో అయితే ఓ చక్కటి పోలిక ఉంది: కతకం పేరు పలికినంత మాత్రాన నీళ్లు తేటపడవు అని. రీల్ చేసినవాళ్లు ఇది చదివుంటే బాగుండేది!

సరే, లోపల ఏం జరుగుతుంది? బురద నీళ్లలో మట్టి రేణువులు చాలా చిన్నవి. ఒక్కోదాని మీద రుణావేశం, అంటే నెగటివ్ ఛార్జ్ ఉంటుంది. అన్నీ నెగటివే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూనే ఉంటాయి, కిందకు దిగవు. పటిక వేస్తే అందులోని అల్యూమినియం పాజిటివ్ ఛార్జ్‌తో ఆ తోపులాట ఆపేస్తుంది. మునగ గింజ పప్పులో ఒక చిన్న ప్రొటీన్ ఉంది, దానికీ పాజిటివ్ ఛార్జే. రేణువులు ముద్దలు కట్టి, బరువెక్కి, అడుగున కూర్చుంటాయి. చిల్లగింజలో అయితే పొడుగాటి చక్కెర గొలుసులు కూడా ఉంటాయి, అవి ఒక రేణువుకీ ఇంకో రేణువుకీ మధ్య తాడులా పనిచేస్తాయి. తేడా ఎక్కడంటే, పటిక మడ్డిలో అల్యూమినియం మిగిలిపోతుంది. గింజల మడ్డి మట్టిలో కలిసి కుళ్లిపోతుంది.

సూడాన్‌లో నైలు ఒడ్డున ఆడవాళ్లు ఎప్పటినుంచో మునగ గింజలే వాడేవారు. అక్కడ మునగను 'నీళ్లను తేటపరిచే చెట్టు' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. సామియా అల్ అజారియా జాన్ అనే పరిశోధకురాలు వాళ్ల దగ్గర కూర్చుని, చూసి, ప్రయోగాలు చేసి రాసింది. ఆవిడ పుస్తకం 1981లో వచ్చింది.

నేను చేసింది ఇదీ: చెట్టు మీదే ఎండిపోయిన కాయ తీసుకుని, గింజ పొట్టు ఒలిచి, తెల్ల పప్పు పొడి కొట్టాను. నీళ్లు కాస్త మసకగా ఉంటే నాలుగు లీటర్లకు ఒక గింజ చాలు, చిక్కటి బురదైతే లీటరుకు రెండు. పొడిని కొంచెం మంచినీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, ఆ పాలలాంటి ద్రవాన్ని పోశాను. ఒక నిమిషం గబగబా, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా తిప్పి వదిలేశాను. రెండు గంటలైంది. మూడో సీసా వెనక నా వేలు పెడుతున్నా, గీతలు కూడా కనిపిస్తున్నాయి కదా? నిజం చెప్పాలంటే పటిక సీసా ఇంకొంచెం తేటగా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. తేట నీళ్లు వేరు, మంచి నీళ్లు వేరు. 2010లో అచ్చయిన ఒక ప్రయోగ పద్ధతి ప్రకారం మునగ పొడి 90 నుంచి 99.99 శాతం దాకా బ్యాక్టీరియాను తగ్గించగలదు. వినడానికి గొప్పగా ఉంది. కానీ లీటరు నీళ్లలో లక్షల్లో ఉంటే, మిగిలిన ఒక్క శాతం కూడా వేలల్లోనే కదా. పైగా గింజలోని మిగతా ప్రొటీన్లు, పిండి నీళ్లలోనే ఉండిపోతాయి, ఆ మిగిలిన క్రిములకు అదే భోజనం. అందుకే తేరాక వడగట్టి, మరిగించి, అదే రోజు తాగేయాలి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దీనికి ఒక ఉపాయం చేశారు: మునగ రసంలో ఇసుకను నానబెడితే పనికొచ్చే ప్రొటీన్ ఇసుకకు అంటుకుంటుంది, మిగతా సరుకు కడిగేయొచ్చు. 2012లో అచ్చయింది. నాకైతే ఇది భలే నచ్చింది.

మరి ఫ్లోరైడ్? అది నీళ్లలో ఉప్పులా కరిగిపోయి ఉంటుంది. బోరు నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి, అడుగున కూర్చోబెట్టడానికి బురదే లేదు. మన నల్గొండ పేరుతో నీరీ సంస్థ తెచ్చిన నల్గొండ టెక్నిక్‌లో కూడా పటిక, సున్నం కొలత ప్రకారం వేయాలి. మునగ గింజను నమ్ముకుని పాపకు ఆ నీళ్లు పట్టకండి బ్రదర్. ముందు నీళ్లు టెస్ట్ చేయించండి.

ఇంకో కొత్త సంగతి. టెక్సస్‌లో టార్ల్‌టన్ స్టేట్ యూనివర్సిటీలో రజని శ్రీనివాసన్ బృందం మైక్రోప్లాస్టిక్స్ మీద పనిచేస్తోంది. వాళ్లు వాడినవి ఏంటో తెలుసా? బెండకాయ, మెంతులు! మన బెండకాయ జిగురే. 2025లో వచ్చిన పేపర్ ప్రకారం, లీటరుకు గ్రాము పొడి వేస్తే గంటలో మెంతులు 93 శాతం, బెండ 67 శాతం ప్లాస్టిక్ ముక్కల్ని పట్టేశాయి. ఇది నీటి శుద్ధి ప్లాంట్లలో పాలీయాక్రిలమైడ్ అనే కెమికల్ బదులు వాడొచ్చేమోనని చేస్తున్న పని. మీ వాటర్ బాటిల్లో మెంతులు వేసుకుని ప్లాస్టిక్ పోయిందనుకోవద్దు. ముద్ద కట్టినదాన్ని తేర్చి వేరు చేయకపోతే అదంతా మీ పొట్టలోకే.

ఇక నాలుగో సీసా. ఇది మూడు రోజుల కిందట మునగ పొడితో తేటపరిచిన నీళ్లు, మరిగించలేదు. మూత తీస్తున్నా... అబ్బా. స్క్రీన్‌లోంచి వాసన రాదు కాబట్టి చెబుతున్నా, పులిసిన పిండి, దానికి తోడు మురుగు. మొదటి రోజు ఇది కూడా ఈ మూడో సీసాలాగే మెరిసింది. దీన్ని పెరట్లో మొక్కలకు పోసేస్తాను. చిల్లగింజలు తెప్పిస్తున్నా, వచ్చే ఎపిసోడ్‌లో ఇదే కాలువ నీళ్లతో అవి కూడా వేసి చూద్దాం.