నూటికి నెలకు ఎంత?



అప్పులున్న ఇంట్లో నెలనెలా ఎంత కడుతున్నారని అడిగితే ఠక్కున చెబుతారు. బండికి ఇంత, కార్డుకు ఇంత, షావుకారికి ఇంత అని. మొత్తం బాకీ ఎంత, అందులో దేనికి ఎంత వడ్డీ పడుతోంది అంటే మాత్రం కాస్త తడబడతారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మన అప్పులు ఒక్కొక్కటీ ఒక్కో లెక్కలో నడుస్తాయి. బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. ఊళ్లో నోటు రాయించుకున్నాయన రెండు రూపాయల వడ్డీ అంటాడు. బంగారం మీద ఇచ్చేవాళ్లు పైసల్లో ప్రకటన వేస్తారు. రోజువారీ ఫైనాన్స్ అతనైతే వడ్డీ ఊసే ఎత్తడు. "రోజుకో వంద కట్టండి చాలు" అంటాడు. ఇలాగైతే ఏది చౌక, ఏది ఖరీదు అని తేల్చేదెలా?

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని అప్పులన్నిటినీ మన పాత లెక్కలోకి మార్చండి. నూటికి నెలకు ఎన్ని రూపాయలు? ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేస్తుంది. 9 శాతానికి బంగారం మీద తెచ్చింది ముప్పావలా వడ్డీ. 12 శాతమైతే రూపాయి. పంట రుణం గడువులోగా కట్టేసే రైతుకు 4 శాతమే, అంటే పావలా చిల్లర. క్రెడిట్ కార్డు మీద 42 శాతం ఉందంటే మూడున్నర రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే నాలుగు రూపాయలు దాటిపోతుంది. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తామంటే వాళ్ల గడప తొక్కం. కార్డునేమో జేబులో పెట్టుకుని తిరుగుతాం.

రోజువారీ ఫైనాన్స్ లెక్క కూడా చూద్దాం. కూరగాయల బండ్లు, టిఫిన్ సెంటర్లు నడిచేది దీనిమీదే. పది వేలు అప్పు అని రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. మూడు నెలల పైచిలుకుకు వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మీ దగ్గర ఉండవు. రెండో రోజు నుంచే తిరిగి వెళ్లిపోతుంటాయి. యాభయ్యో రోజుకు సగమే మీ దగ్గర మిగిలుంటుంది. ఆ తరుగుదల లెక్కలోకి తెస్తే పడుతున్న వడ్డీ నెలకు నూటికి ఆరు రూపాయల పైనే. బండి లోన్లలో ఫ్లాట్ వడ్డీ అని చెప్పేదీ ఈ తరహాదే. మూడేళ్లకు ఫ్లాట్ 10 శాతం అంటే అసలు రేటు ఇంచుమించు 18 శాతం.

ఇప్పుడొక ఇల్లు ఊహించుకుందాం. ఆయన ప్రైవేటు బళ్లో మాస్టారు. ఆవిడ ఇంట్లోనే మిషను కుడుతుంది. కార్డు మీద 60 వేలు. ప్రోనోటు మీద లక్షన్నర, రెండు రూపాయల వడ్డీ. బండి లోను సగంలో ఉంది. బావగారి దగ్గర చేబదులు 40 వేలు, దానికి వడ్డీ లేదు.

కార్డుకు వీళ్లు నెలనెలా కనీస మొత్తం మూడు వేలు కట్టి ఊపిరి పీల్చుకుంటున్నారు. అందులో వడ్డీ 2,100. దాని మీద జీఎస్టీ 378. రెండూ పోగా అసలులో తగ్గేది 522 రూపాయలు. ఈలోగా అదే కార్డుతో సరుకులు తెస్తే వాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. పాత బాకీ ఉన్నంతకాలం వడ్డీ లేని గడువు ఉండదు మరి. ప్రోనోటుకు నెలకు మూడు వేలు వడ్డీ పోతోంది, అసలు కదలడం లేదు. రెండు రూపాయల వడ్డీ 50 నెలల్లో అసలంత అవుతుంది. మూడు రూపాయలదైతే 34 నెలలు కూడా పట్టదు.

ఈ ఇంట్లో నాలుగు కాసుల బంగారం బీరువాలో ఉంది. తాకట్టు అంటే నలుగురిలో చులకనైపోతామని తీయరు. బీరువాలో బంగారం ఉంచుకుని బయట నాలుగు రూపాయల వడ్డీ కట్టే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. దీన్ని పరువు అని నేను అనలేను. బ్యాంకులో ముప్పావలా వడ్డీకి 60 వేలు తెచ్చి కార్డు మొత్తం తీర్చేస్తే, మూడు వేలు పోయే చోట 450 పోతుంది. నెలకు 2,550 మిగులుతుంది. కాకపోతే ఆ బంగారం ఆవిడది. పుట్టింటివాళ్లు పెట్టింది కావచ్చు. ఆవిడ మనస్ఫూర్తిగా సరే అంటేనే, ఆవిడ పేరు మీదే పెట్టండి. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. ఆ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది. ఇక కార్డు వాడకం ఆపాల్సిందే. బంగారం పెట్టి కార్డు తీర్చి, మళ్లీ కార్డు గీకడం మొదలుపెడితే ఒక అప్పు రెండవుతుంది.

ఆ 2,550కి ఖర్చుల్లో మూడు వేలు, పై సంపాదన 3,450 తోడైతే తొమ్మిది వేలు. ఎప్పుడూ కట్టే మూడు వేల వడ్డీతో కలిపి నెలకు పన్నెండు వేలు నోటుకు కడుతూ పోతే లక్షన్నర పదిహేనో నెలలో తీరిపోతుంది. ఆ తర్వాత అదే డబ్బు బంగారానికి మళ్లిస్తే ఇంకో ఐదు నెలల్లో నగలు ఇంటికొస్తాయి. నెలకు మూడు వేలు వడ్డీ మాత్రమే కట్టుకుంటూ కూర్చుంటే ఆ పదిహేను నెలల్లో 45 వేలు కట్టి కూడా లక్షన్నర అలాగే ఉండేది.

అయితే ఖర్చుల్లో మూడు వేలు ఎక్కణ్నుంచి వస్తుందన్నది ప్రశ్న. టీ మానండి, సినిమా మానండి అని చెప్పడం తేలిక. నేను చెప్పను. టీ తాగి అప్పులపాలైన ఇల్లు నేనింతవరకు చూడలేదు. మన ఇళ్లలో అప్పు పుట్టేది పెళ్లిలో, ఆసుపత్రిలో, కాలేజీ ఫీజులో, స్లాబు దగ్గర ఆగిన ఇంట్లో. నెలవారీ ఖర్చులోనూ పెద్ద ముక్క వేడుకలదే. ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్, సీమంతం, గృహప్రవేశం, మొదటి పుట్టినరోజు. శ్రావణ మాసం వచ్చిందంటే వారానికి రెండు శుభలేఖలు. ప్రతిదానికీ చదివింపులు, బట్టలు, దారి ఖర్చు. వాళ్లు మనకు వెయ్యి చదివించారని పుస్తకంలో ఉంటుంది, మనం పదిహేను వందలు చదివించాలి. అప్పు తీరేవరకు ఇక్కడే చెయ్యి బిగించాలి.

ఎలా చెప్పాలో తెలియకే చాలామంది చెప్పరు. ఫోన్ చేసి ముందే చెప్పేయండి. "అక్కా, ఈ ఏడాది అప్పులు తీర్చే పనిలో ఉన్నాం. నేనొక్కదాన్నే వస్తాను, పెద్ద పెట్టుబడులేం పెట్టలేను, ఏమీ అనుకోవద్దు." ఇంతే. అనుకునేవాళ్లు అనుకుంటారు. మనం పట్టుచీర పెట్టినా వాళ్లు ఏదో ఒకటి అనుకునేవాళ్లే.

కొన్నిటి జోలికి మాత్రం వెళ్లకండి. ఆరోగ్య బీమా ప్రీమియం ఆపి ఆ డబ్బు అప్పుకు కట్టడం పొరపాటు. ఒక్క ఆపరేషన్‌తో ఏడాది కష్టం నీటిపాలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ మీకు వర్తిస్తాయో లేదో, మీ ఊరి దగ్గర ఏ ఆసుపత్రి అందులో ఉందో జబ్బు రాకముందే కనుక్కోండి. అత్తగారికి రోజూ వాడే బీపీ, షుగర్ మందులుంటే జన ఔషధి దుకాణంలో ధర అడగండి. తేడా మీకే తెలుస్తుంది. పది వేలో పదిహేను వేలో విడిగా ఒక ఖాతాలో పడేసి ఉంచండి. అది లేకపోతే పిల్లాడికి జ్వరం రాగానే చెయ్యి మళ్లీ కార్డు మీదికే పోతుంది.

నేను ఈ పూట ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. మిగిలిన డబ్బు మిగిలిన రోజే అసలులో జమ పడాలి. నెలాఖరుకు చూద్దాంలే అంటే అది ఉండదు. ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. ఫంక్షన్‌కు వెళ్లకుండా పదిహేను వందలు మిగిలాయా, ఆ సాయంత్రమే ఫోన్‌పేలో నోటాయనకు పంపించి, "అసలు కింద జమ వేసుకోండి" అని మెసేజ్ పెట్టండి. ఆయన చిల్లర చిల్లరగా తీసుకోనంటే వేరే ఖాతాలో వేసి, ఐదు వేలు కాగానే ఇవ్వండి. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించుకోండి, తేదీతో సహా. బ్యాంకు లోనుకు అదనంగా కట్టేటప్పుడు కూడా చెప్పి కట్టాలి. ఊరికే వేస్తే వచ్చే నెల వాయిదా కింద పట్టుకోవచ్చు. అసలు తగ్గించి, వాయిదా మొత్తం అలాగే ఉంచి, నెలల సంఖ్య తగ్గించమని రాసివ్వండి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణం ముందే తీర్చినా బ్యాంకులు జరిమానా వేయకూడదు.

ఇక పై సంపాదన. ఆవిడ మిషను ఉండనే ఉంది. జాకెట్లు కుట్టేచోట పీకో, ఫాల్ కూడా మొదలుపెడితే చీర వచ్చిన ప్రతిసారీ నాలుగు డబ్బులు అదనం. పెళ్లిళ్ల రోజుల్లో మగ్గం వర్క్‌కు మంచి గిరాకీ, అది నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మాస్టారికి సాయంత్రం ట్యూషన్. ఎండాకాలంలో ఆవకాయ, సంక్రాంతికి అరిసెలు, జంతికలు చేసిచ్చే చెయ్యి ఉంటే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులే అంగడి. ఆదివారాలు డెలివరీ బండి నడిపే కుర్రాళ్లున్నారు. వాళ్లకొక మాట. చేతికొచ్చిన ఎనిమిది వందలూ ఆదాయం కాదు. పెట్రోలు, ఆయిలు, టైర్ల అరుగుదల తీసేసి మిగిలిందే మీది.

పై సంపాదన కోసం కొత్త అప్పు చేయకండి. ఉన్న మిషను మీద నాలుగు నెలలు పని చేసి, గిరాకీ ఉందని తేలాక జిగ్‌జాగ్ మిషను కొనొచ్చు. ముందు డిపాజిట్ కడితే ఇంటి దగ్గరే పని అన్నవాళ్లను, ఫోన్‌లో టాస్కులు చేస్తే రోజుకు వేలు అన్నవాళ్లను దగ్గరికి రానీయొద్దు. మొదట రెండొందలు నిజంగానే వేస్తారు, తర్వాత లక్ష లాగుతారు. డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లిన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. అక్కణ్నుంచి డబ్బు రావడం మొదలవగానే ఇంటి పునాది తీస్తారు. వడ్డీ అలాగే నడుస్తుంటుంది. ఏజెంటు అప్పు తీరేదాకా ఇటుక ముట్టకండి. ఇల్లు ఎక్కడికీ పోదు.

బావగారి చేబదులు సంగతి మరిచిపోయాననుకోకండి. వడ్డీ లేదు కనుక లెక్క ప్రకారం చివరన తీర్చాలి. కానీ దాని వడ్డీ మాటల్లో పడుతుంది. ప్రతి నెలా ఐదో తేదీన వెయ్యి రూపాయలు పంపండి, ఎంత తక్కువైనా సరే తేదీ తప్పకండి. పండక్కి ఆయన ఇంటికి వెళ్లినప్పుడు తలెత్తుకుని అన్నం తినగలుగుతారు.

లోన్ యాప్‌ల చేతిలో చిక్కినవాళ్లకు ఇంకో మాట. ఒక యాప్ బాకీ తీర్చడానికి ఇంకో యాప్‌లో తీయడం ఈ రోజే ఆపేయండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం వసూలుకు వచ్చేవాళ్లు ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయకూడదు. బ్యాంకులు, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదుకు 14448. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే అది పోలీసు కేసు, నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. అప్పు బాధతో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో కూడా ఒక్కరికైనా చెప్పండి. చెప్పుకుంటే వాయిదా వేయించుకునే దారి దొరుకుతుంది.

చివరి వాయిదా కట్టేసిన రోజు కాగితాల పని మిగిలే ఉంటుంది. నోటు తీరితే నోటు వెనక్కి తీసుకోండి. "రేపు ఇస్తాలే" అంటే ఆగకండి. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవి కూడా. బండి లోను తీరాక ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద వాళ్ల పేరు తీయించాలి. లేకపోతే అమ్మే రోజున బండి కదలదు. ఇల్లు, స్థలం కాగితాలు బ్యాంకులో పెట్టి ఉంటే, మొత్తం కట్టిన 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఇది 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది, బ్యాంకు కౌంటర్ దగ్గర గట్టిగానే అడగండి.